ఆక్సీ హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా1–బీటా2 కాంటాక్ట్‌లు మొత్తం సున్నా వస్తున్నాయి. తప్పెక్కడుంది?

గోదారి_బయోటెక్ (రాజమండ్రి)

అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం హీమోగ్లోబిన్ రెండు రూపాల మధ్య రెసిడ్యూ (గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లం) కాంటాక్ట్‌లు ఎలా మారతాయో చూస్తున్నాను. హీమోగ్లోబిన్ అంటే రెండు ఆల్ఫా, రెండు బీటా చెయిన్‌లు కలిసిన టెట్రామర్ కదండీ, ఆల్ఫా1–బీటా1 ఒక జత, ఆల్ఫా2–బీటా2 ఇంకో జత. ఆక్సిజన్ లేని (డీఆక్సీ) రూపానికి ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీ నుంచి 4హెచ్‌హెచ్‌బి (రిజల్యూషన్ 1.74 ఆంగ్‌స్ట్రామ్), ఆక్సిజన్ పట్టుకున్న రూపానికి 1హెచ్‌హెచ్‌ఓ (2.1 ఆంగ్‌స్ట్రామ్) తీసుకున్నాను. బయోపైథాన్ లైబ్రరీతో రాసిన స్క్రిప్ట్ చేసే పని ఇంతే: ఫైలు చదువుతుంది, మొదటి మోడల్ తీసుకుంటుంది, ప్రతి రెసిడ్యూ సీ-ఆల్ఫా (వెన్నెముకలోని కార్బన్) నుంచి మిగతా అన్ని సీ-ఆల్ఫాలకూ దూరం కొలుస్తుంది, 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న ప్రతి జతనూ కాంటాక్ట్ అని రాస్తుంది.

మూడు చోట్ల ఆగిపోయానండి.

ఒకటి, 4హెచ్‌హెచ్‌బిలో ఆల్ఫా1–బీటా2 మధ్య కాంటాక్ట్‌లు బాగానే వస్తున్నాయి. 1హెచ్‌హెచ్‌ఓలో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఆక్సిజన్ తగలగానే టెట్రామర్ విడిపోతుందని రాస్తే మాస్టారు నన్ను గోదాట్లో కలిపేస్తారు.

రెండు, నా క్లాస్‌మేట్ అదే 4హెచ్‌హెచ్‌బి మీద హైడ్రోజన్ కాని పరమాణువులన్నీ లెక్కలోకి తీసుకుని 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల హద్దు పెట్టాడు. అతని జాబితాలో ఉన్న కొన్ని సాల్ట్ బ్రిడ్జ్‌లు (విరుద్ధ విద్యుదావేశాల ఆకర్షణతో కలిసిన జతలు) నా దాంట్లో లేవు. నా దాంట్లో ఉన్నవి చాలా అతని దాంట్లో లేవు. ఎవరిది సరైనది?

మూడు, నా మొత్తం సంఖ్య ఇంకో స్క్రిప్ట్‌తో పోలిస్తే సరిగ్గా రెట్టింపు.

ఇది తేలితే తరవాత సికిల్‌సెల్ హీమోగ్లోబిన్, 2హెచ్‌బిఎస్ మీదికి వెళ్దామని ఉంది. రంపచోడవరం వైపు ఏజెన్సీలో ఆ జబ్బు ఉంది కదండీ, అందుకని.

ధవళేశ్వరం_లాకులు

మూడోదాంతో మొదలెడదామండి, అది చిన్నది. సరిగ్గా రెట్టింపు అంటే 40–99 జతను ఒకసారి, 99–40 జతను ఇంకోసారి లెక్కేస్తున్నారన్న మాట. రెండో లూపు మొదటి లూపు ఉన్నచోటుకి ఒకటి కలిపి మొదలవ్వాలి. 4హెచ్‌హెచ్‌బిలో 141+146+141+146, మొత్తం 574 రెసిడ్యూలు. వేర్వేరు జతలు 1,64,451. మీ ప్రోగ్రాం ఎన్ని దూరాలు కొలిచిందో ప్రింట్ చేయించండి. అంతకు మించితే లూపు తప్పు.

ఇక మొదటి సంగతి. మీ స్క్రిప్ట్‌ తప్పు కాదు, ఫైల్లో ఏముందన్నది అసలు విషయం. స్ఫటికంలో పదే పదే వచ్చే ముక్కలో ఎక్కువసార్లు ఒక భాగమే పీడీబీ ఫైల్లో ఉంటుంది. దాన్నే అసిమెట్రిక్ యూనిట్ అంటారు. 4హెచ్‌హెచ్‌బిలో అదృష్టం కొద్దీ నాలుగు చెయిన్‌లూ ఉన్నాయి: ఎ, సి ఆల్ఫాలు, బి, డి బీటాలు. 1హెచ్‌హెచ్‌ఓలో ఎ, బి రెండే ఉన్నాయి. మిగతా సగం స్ఫటికపు రెండు మడతల అక్షం మీద 180 డిగ్రీలు తిప్పితే వస్తుంది. లేని చెయిన్‌తో కాంటాక్ట్ ఎక్కణ్ణించి వస్తుందండీ? అందుకే సున్నా.

ఫైలు పైభాగంలో రిమార్క్ 350 కింద బయోఎమ్‌టి అని కనిపించే అంకెల వరసలే ఆ తిప్పుడు సూచనలు. మీరు చేతో తిప్పక్కర్లేదు. పీడీబీ సైట్లో "బయలాజికల్ అసెంబ్లీ" అని వేరే ఫైలు ఇస్తారు, అది దించుకోండి.

ఇక్కడే రెండో గొయ్యి ఉంది, చాలామంది ఇందులోనే పడతారు. పాత పీడీబీ ఫార్మాట్‌లో ఇచ్చే అసెంబ్లీ ఫైల్లో రెండో సగం "మోడల్ 2" కింద, మళ్ళీ ఎ, బి పేర్లతోనే ఉంటుంది. మీ స్క్రిప్ట్ మొదటి మోడల్ మాత్రమే తీసుకుంటోంది. అంటే అసెంబ్లీ ఫైలు పెట్టినా మళ్ళీ సున్నాయే వస్తుంది, "ఆయ్, చెప్పినట్టే చేశానండి, అయినా అంతే" అని మళ్ళీ ఇక్కడికే వస్తారు. రెండు మార్గాలున్నాయి. మోడల్ 2లోని చెయిన్‌లకు సి, డి అని పేర్లు మార్చి మోడల్ 1లోకి చేర్చండి. లేదా ఎమ్‌ఎమ్‌సిఫ్ ఫార్మాట్‌లో ఉన్న అసెంబ్లీ దించుకోండి. దాంట్లో కాపీ చెయిన్‌లకు ఎ-2, బి-2 అని విడి పేర్లుంటాయి, అన్నీ ఒకే మోడల్‌లో ఉంటాయి. నేనైతే రెండోదే చెప్తాను.

పేర్లు పెట్టాక ఏ జత ఆల్ఫా1–బీటా1, ఏది ఆల్ఫా1–బీటా2 అన్నది అక్షరాలు చూసి నమ్మకండి. రెసిడ్యూలు చూసి తేల్చుకోండి. ఆల్ఫా 31 ఆర్జినిన్ పక్కన బీటా 122 ఫినైల్ అలనిన్ ఉంటే అది ఆల్ఫా1–బీటా1. ఆల్ఫా 38 త్రియోనిన్, 42 టైరోసిన్ వైపు బీటా 97 హిస్టిడిన్, 99 ఆస్పార్టేట్ ఉంటే అది ఆల్ఫా1–బీటా2. 4హెచ్‌హెచ్‌బిలో ఎ–బి మొదటిది, ఎ–డి రెండోది.

సఖినేటిపల్లి_రేవు

రెండో ప్రశ్నకి నేను చెప్తానండి. "ఎవరిది సరైనది" అని అడిగితే జవాబు దొరకదు. ఇద్దరూ కొలిచింది వేర్వేరు వస్తువుల్ని.

సీ-ఆల్ఫా దూరమంటే వెన్నెముకకీ వెన్నెముకకీ మధ్య దూరం. సైడ్‌చెయిన్ (వెన్నెముక నుంచి పక్కకి చాచిన భాగం) ఎటు తిరిగిందో దానికి తెలీదు. పెరటి గోడలు కలిసిన రెండిళ్ళు ఊహించుకోండి. ఒకరి గుమ్మం కాలవ వైపు, ఇంకొకరిది రోడ్డు వైపు. ఇళ్ళ మధ్య దూరం నాలుగడుగులే, రాకపోకలు మాత్రం లేవు. సీ-ఆల్ఫా 7 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉండి సైడ్‌చెయిన్‌లు చెరో దిక్కూ చూస్తున్న జతలు ఇలాంటివి. మీ జాబితాలో ఉండి క్లాస్‌మేట్ జాబితాలో లేనివి ఎక్కువగా ఇవే.

ఇక రెండో వైపు చూస్తే, లైసిన్, ఆర్జినిన్‌లవి పొడుగు చేతులు. పంటు మీద నుంచున్నవాడు గెడ చాపి అవతలి గట్టు తాకినట్టు, ఆర్జినిన్ పూర్తిగా చాచుకుంటే సీ-ఆల్ఫా నుంచి కొస నైట్రోజన్‌కి 7 ఆంగ్‌స్ట్రామ్‌లుంటుంది. అవతల ఆస్పార్టేట్ మూడు చిల్లర కలుపుతుంది. మధ్యలో సాల్ట్ బ్రిడ్జ్ ఇంకో మూడు. సీ-ఆల్ఫాల మధ్య 12 దాకా పోయినా బంధం గట్టిగానే ఉంటుంది. 8 హద్దు పెడితే అవన్నీ జారిపోతాయి.

మీది ఇంటర్‌ఫేస్ (రెండు చెయిన్‌లు ఆనుకునే చోటు) పని కాబట్టి హైడ్రోజన్ కాని పరమాణువులు, 4.5 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టుకోండి. ఆ అంకె గాల్లోంచి రాలేదు. కార్బన్ వాన్ డెర్ వాల్స్ వ్యాసార్ధం 1.7, రెండు కార్బన్‌లు ఆనుకుంటే 3.4. హైడ్రోజన్‌లను లెక్కలోకి తీసుకోనందుకు, నిర్మాణంలో ఉండే పొరపాటుకు కాస్త జాగా వదిలితే 4.5. మధ్యలో నీటి అణువు ఒకటి దూరాలంటే రెండు కార్బన్‌ల కేంద్రాల మధ్య 6 పైచిలుకు కావాలి. కాబట్టి 4.5 లోపు ఉంటే మధ్యలో నీళ్ళు లేవనే అర్థం.

సీ-బీటా 8 ఆంగ్‌స్ట్రామ్‌లు అన్న కొలత (గ్లైసిన్‌కి సీ-బీటా ఉండదు కాబట్టి సీ-ఆల్ఫా) కాంటాక్ట్‌లను ముందుగా ఊహించే పోటీల్లో, సీక్వెన్స్‌ల నుంచి మ్యాప్ గీసేచోట వాడతారు. అక్కడ అదే సరైనది. దాన్ని తెచ్చి సాల్ట్ బ్రిడ్జ్‌లు వెతకడానికి వాడితే కొడవలితో కొబ్బరికాయ దించినట్టుంటుంది.

ఇంకో మాట. హీమోగ్లోబిన్ దాదాపు అంతా ఆల్ఫా హెలిక్సే. హెలిక్స్‌లో ఒక సీ-ఆల్ఫా నుంచి తరవాతది 3.8, మూడోది 5, నాలుగోది 6.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటాయి. అంటే 8 హద్దు పెట్టినప్పుడు ప్రతి రెసిడ్యూకీ ముందున్న నాలుగూ ఊరికే కాంటాక్ట్‌లైపోతాయి. మడత గురించి అవి చెప్పేదేం లేదు, మొత్తాన్ని మాత్రం ముంచేస్తాయి. ఒకే చెయిన్‌లో కనీసం 5, వీలైతే 6 స్థానాల ఎడం లేని జతలు తీసెయ్యండి. కానీ ఈ వడపోత ఒకే చెయిన్‌లో మాత్రమే పెట్టాలి. ఎ చెయిన్ 38కీ డి చెయిన్ 40కీ మధ్య "ఎడం 2" అని స్క్రిప్ట్ ఆ జతను తీసేస్తే మీకు కావాల్సిన ఇంటర్‌ఫేస్సే పోతుంది. చెయిన్ పేరు కూడా సరిచూసే షరతు లేకుండా రెసిడ్యూ నంబర్లు మాత్రం తీసేసుకుంటే ఇలానే అవుతుంది.

ధవళేశ్వరం_లాకులు

రేవు గారు చెప్పిన దానికి కొసరు. 4హెచ్‌హెచ్‌బి ప్రొటీన్‌లో సుమారు 4,400 పరమాణువులు. అన్నిటినీ అన్నిటితో పోలిస్తే 96 లక్షల జతలవుతాయి, మామూలు పైథాన్ లూపులో ల్యాబ్ కంప్యూటర్ మూలుగుతుంది. బయోపైథాన్‌లో నైబర్‌సెర్చ్ అని ఉంది, లోపల కేడీ-ట్రీ (దగ్గరున్నవాటినే త్వరగా వెతికే పద్ధతి) వాడుతుంది. పరమాణువుల జాబితా ఇచ్చి, 4.5 పెట్టి, "ఆర్" (రెసిడ్యూ) స్థాయిలో అన్ని జతలూ అడిగితే రెసిడ్యూ జతలు ఒక్కొక్కటీ ఒక్కసారే వస్తాయి. మీ రెట్టింపు గొడవ కూడా తీరిపోతుంది. పక్కపక్క రెసిడ్యూలు మాత్రం వస్తాయి, వాటిని మీరే తియ్యాలి.

జాబితా ఇచ్చే ముందు నీళ్ళు తీసెయ్యండి. హైడ్రోజన్‌లుంటే తీసెయ్యండి. రెసిడ్యూ గుర్తింపులో మొదటి గడి ఖాళీ లేకపోతే అది హెటెరో అణువు. హీమ్ (ఇనుము ఉన్న భాగం) ఆ గుంపులోకే వస్తుంది. దాన్ని పారెయ్యకుండా విడిగా ఒక జాబితాలో పెట్టుకోండి. ఆల్ఫా 87 హిస్టిడిన్, బీటా 92 హిస్టిడిన్ ఇనుముకు కట్టుకుని ఉంటాయి, మీ కథ అక్కణ్ణించే మొదలవుతుంది మరి. వేరే ప్రొటీన్‌ల మీదికి వెళ్తే సెలెనోమిథియోనిన్ కూడా హెటెరో కిందే ఉంటుంది, దాన్ని పారేస్తే గొలుసు మధ్యలో కన్నం పడుతుంది.

ఒకే సైడ్‌చెయిన్‌కి రెండు స్థానాలు రాసి ఉన్న చోట్ల (పీడీబీ ఫార్మాట్‌లో 17వ నిలువు వరసలో ఎ, బి అని ఉంటుంది) ఎక్కువ ఆక్యుపెన్సీ (ఆ స్థానానికి ఉన్న వాటా) ఉన్నదే తీసుకోండి. బయోపైథాన్ దానంతటదే ఆ పని చేస్తుంది. ఫైలును టెక్స్ట్‌లా వరస వరసా చదివే స్క్రిప్ట్‌లు రెండూ తీసుకుని లేని కాంటాక్ట్‌లు పుట్టిస్తాయి.

జాబితా వచ్చాక నేరుగా ఆక్సీతో పోల్చకండి. ముందు 4హెచ్‌హెచ్‌బి ఒక్కదాని మీదే పరీక్ష పెట్టండి. డీఆక్సీ రూపంలో బాగా తెలిసిన ఈ సాల్ట్ బ్రిడ్జ్‌లు మీ జాబితాలో కనపడాలి:

బీటా 146 హిస్టిడిన్ రింగు – అదే చెయిన్ 94 ఆస్పార్టేట్.
బీటా 146 చివరి కార్బాక్సిల్ – అవతలి ఆల్ఫా 40 లైసిన్. అంటే డి 146కి ఎ 40, బి 146కి సి 40.
ఆల్ఫా 141 ఆర్జినిన్ – అవతలి ఆల్ఫా 126 ఆస్పార్టేట్. ఎ 141కి సి 126.
ఆల్ఫా 141 చివరి కార్బాక్సిల్ – అవతలి ఆల్ఫా 127 లైసిన్.

సాల్ట్ బ్రిడ్జ్‌కి ఆక్సిజన్–నైట్రోజన్ దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు అన్నది వాడుకలో ఉన్న హద్దు. రెండోదీ నాలుగోదీ రావట్లేదంటే మీ స్క్రిప్ట్ ఆస్పార్టేట్, గ్లుటామేట్ సైడ్‌చెయిన్‌లనే ఆమ్లాలుగా చూస్తోందన్న మాట. గొలుసు చివర ఉన్న కార్బాక్సిల్‌కి, ఓఎక్స్‌టి అన్న పరమాణువుతో సహా, ఆ జాబితాలో చోటివ్వాలి. రెడీమేడ్ స్క్రిప్ట్‌లు కొన్ని దీన్ని వదిలేస్తాయి, హీమోగ్లోబిన్‌లో ముఖ్యమైనవి ఆ చివర్లలోనే ఉన్నాయి!

గోదారి_బయోటెక్ (రాజమండ్రి)

ధన్యవాదాలండీ ఇద్దరికీ. ఎమ్‌ఎమ్‌సిఫ్ అసెంబ్లీ పెట్టగానే ఆల్ఫా1–బీటా2 వచ్చేసింది. నాలుగు సాల్ట్ బ్రిడ్జ్‌లూ కనిపించాయి (ఓఎక్స్‌టి సంగతి సరిగ్గా మీరన్నట్టే, మొదట రెండే వచ్చాయి).

ఇప్పుడు ఇంకో తలనొప్పి. డీఆక్సీ, ఆక్సీ పోల్చి "పోయినవి", "కొత్తవి" అని రెండు జాబితాలు చేశాను. ఆల్ఫా1–బీటా2లో మార్పు రావాలి, వచ్చింది. కానీ ఆల్ఫా1–బీటా1లో కూడా బోలెడు పోయినవి, కొత్తవి వస్తున్నాయి. పుస్తకాల్లో ఆ ఇంటర్‌ఫేస్ కదలదనే రాశారు. మళ్ళీ ఏం తప్పు చేశానండీ?

సఖినేటిపల్లి_రేవు

తప్పేం చెయ్యలేదు. ఆ "పోయినవి" జాబితాలో ప్రతి జతకీ రెండు నిర్మాణాల్లోని అతి తక్కువ దూరాన్ని పక్కపక్కన ప్రింట్ చెయ్యండి. చాలావాటికి 4.3, 4.7 లాంటివి ఉంటాయి చూడండి. 4.5 అన్న గీతకి ఇటో అటో. అది కాంటాక్ట్ పోవడం కాదు, గీత మీద నుంచున్నవాడు కాలు మార్చడం. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్ నిర్మాణంలో పరమాణువుల స్థానాల్లోనే 0.2–0.3 పొరపాటు ఉంటుంది, సైడ్‌చెయిన్ కొసల్లో ఇంకాస్త ఎక్కువ. పైగా మీ రెండు ఫైళ్ళ రిజల్యూషన్ ఒకటి కాదు.

రెండు హద్దులు పెట్టండి. ఒకదాంట్లో 4.5 లోపు ఉండి, రెండోదాంట్లో 5.5 దాటితేనే "పోయింది" అనండి. కొత్తవాటికీ అదే తిరగేసి. మధ్యలో ఉన్నవాటిని పక్కన పెట్టండి.

ఆల్ఫా1–బీటా1 కదలకపోవడం మీకు మేలే. అది మీ తూకం రాయి. రెండు హద్దులు పెట్టాక కూడా అక్కడ మిగిలే మార్పులెన్నో అదే మీ పద్ధతిలో ఉన్న రొద. ఆల్ఫా1–బీటా2లో మార్పు దానికి ఎన్నో రెట్లుండాలి. రెండూ ఒకేలా ఉంటే వెనక్కి వెళ్ళి ఫైళ్ళు చూసుకోండి. థీసిస్‌లో ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాస్తే వైవాలో అడిగేవాళ్ళకి అడగడానికేం మిగలదు.

సంఖ్యలు పక్కన పెట్టి ఒక్క చోటు దగ్గరగా చూడండి. బీటా 97 హిస్టిడిన్. డీఆక్సీలో అది ఆల్ఫా 41 త్రియోనిన్‌కీ 44 ప్రోలిన్‌కీ మధ్య కూర్చుని ఉంటుంది. ఆక్సీలో ఆల్ఫా 38 త్రియోనిన్‌కీ 41 త్రియోనిన్‌కీ మధ్యకి మారుతుంది. ఆల్ఫా సి హెలిక్స్ మీద ఒక్క మెలిక అన్న మాట. సైకిల్ చెయిన్ పళ్ళచక్రం మీద ఒక పన్ను జారినట్టే. మధ్యలో ఆగే చోటు లేదు, అయితే ఈ గాడి, లేదంటే ఆ గాడి. ఒక డైమర్ (ఆల్ఫా–బీటా జత) రెండోదాని మీద సుమారు 15 డిగ్రీలు తిరిగితే ఈ చోట జరిగేది ఇదే. మీ జాబితాలో 97–44 పోయినవాటిలో, 97–38 కొత్తవాటిలో ఉండాలి. దీంతోపాటు ఆల్ఫా 42 టైరోసిన్–బీటా 99 ఆస్పార్టేట్ హైడ్రోజన్ బంధం డీఆక్సీలో, ఆల్ఫా 94 ఆస్పార్టేట్–బీటా 102 ఆస్పరజిన్ ఆక్సీలో ఉంటాయి. హైడ్రోజన్ బంధానికి దాత–గ్రహీత దూరం 3.5 లోపు, కోణం 120 డిగ్రీల పైన పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. హిస్టిడిన్, ఆస్పరజిన్, గ్లుటమిన్ సైడ్‌చెయిన్‌లను ఎక్స్‌రే మ్యాప్‌లో 180 డిగ్రీలు తిప్పి పెట్టినా దాదాపు అలాగే కనిపిస్తాయి. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లలో ఏది ఏదో తేల్చడం కష్టం. పొరపాటున తిరగేసి పెట్టి ఉంటే మీకు కావాల్సిన నైట్రోజన్ చోట కార్బన్ ఉండి బంధం "లేదు" అని వస్తుంది. మాల్‌ప్రాబిటీలో రెడ్యూస్ అన్న ప్రోగ్రాం నడిపితే హైడ్రోజన్‌లు పెడుతుంది, ఇలాంటివి పట్టి తిప్పుతుంది. మీరు కొలిచేవాటిలో సగం హిస్టిడిన్‌లే కాబట్టి ఇది దాటెయ్యొద్దు.

వెనామీ_చెరువు (భీమవరం)

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండేం. మాది రొయ్యల వైపు. వెనామీ ప్రొటీన్ ఒకదానికి పీడీబీలో నిర్మాణం లేదు, ఆల్ఫాఫోల్డ్ (కంప్యూటర్ ఊహించిన) మోడల్ ఉంది. దాని మీద కూడా ఇలాగే 4.5 పెట్టి కాంటాక్ట్‌లు తీయొచ్చా?

ధవళేశ్వరం_లాకులు

తీయొచ్చండి, వడకట్టి. ఆల్ఫాఫోల్డ్ ఫైల్లో బీ-ఫ్యాక్టర్ వరసలో ఉండేది బీ-ఫ్యాక్టర్ కాదు, పీఎల్‌డీడీటీ, అంటే ఆ చోటు మీద మోడల్‌కున్న నమ్మకానికి వందకి ఇచ్చిన మార్కు. బీ-ఫ్యాక్టర్ పెరిగితే వణుకు ఎక్కువ, ఇది పెరిగితే నమ్మకం ఎక్కువ. సరిగ్గా తలకిందులు. మామూలు నిర్మాణాలకి రాసిన "బీ-ఫ్యాక్టర్ 60 దాటితే తీసెయ్" లాంటి వడపోత పెట్టారంటే మంచి భాగం పోయి చెత్త మిగులుతుంది.

జతలో రెండు రెసిడ్యూలకీ 70 పైన ఉంటేనే ఉంచండి. సైడ్‌చెయిన్ స్థాయి కాంటాక్ట్ గురించి మాట్లాడాలంటే 90 అడగండి. 50 లోపు ఉన్న పొడుగాటి తీగల్లాంటి భాగాలు వేటిని తాకినా పట్టించుకోవద్దు. రెండు డొమైన్‌ల మధ్య కాంటాక్ట్‌లైతే పీఎల్‌డీడీటీ చాలదు, పీఏఈ పట్టిక (ఒక భాగానికి ఇంకో భాగం ఎక్కడుందన్న దాంట్లో ఎంత పొరపాటుండొచ్చో చెప్పేది) చూడాలి. ఒక్కో డొమైన్ 95తో మెరుస్తూ ఉండి, రెండూ ఒకదానికొకటి ఎలా ఆనుకున్నాయో ఆ మోడల్‌కే తెలీకపోవచ్చు.

మందు అణువుతో కాంటాక్ట్‌లు నేర్చుకోవాలంటే మీ ఊరి సంబంధం ఉన్నది ఒకటుంది. 4డీఎఫ్‌ఆర్: ఈ.కోలై బ్యాక్టీరియాలోని డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అన్న ఎంజైమ్‌లో మెథోట్రెక్సేట్ మందు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం పని నుంచి వచ్చిన మందే అది. అందులో 27 ఆస్పార్టేట్ మందు టెరిడిన్ రింగును పట్టుకునే తీరు, 57 ఆర్జినిన్ దాని గ్లుటామేట్ తోక కార్బాక్సిల్‌ను పట్టుకునే తీరు చక్కగా కనిపిస్తాయి. ఎ, బి రెండు చెయిన్‌లుంటాయి, అవి రెండు విడి కాపీలు, డైమర్ అనుకోకండి.

గోదారి_బయోటెక్ (రాజమండ్రి)

రెండు హద్దులు పెట్టాక ఆల్ఫా1–బీటా1 దాదాపు నిమ్మళించిందండి. 97 హిస్టిడిన్ కూడా మీరన్న గాడి మారింది. ఇక 2హెచ్‌బిఎస్. దీనికీ బయలాజికల్ అసెంబ్లీనే దించుకోవాలి కదండీ?

సఖినేటిపల్లి_రేవు

వద్దండి! ఇక్కడ పాఠం తిరగబడుతుంది.

2హెచ్‌బిఎస్ 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల నిర్మాణం. అసిమెట్రిక్ యూనిట్‌లోనే రెండు టెట్రామర్‌లు, ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది చెయిన్‌లు. మీకు కావాల్సింది ఒక టెట్రామర్ లోపలి కాంటాక్ట్‌లు కావు, ఒక టెట్రామర్ పక్కదానికి అంటుకునే చోటు. జబ్బంతా ఆ అంటుకోవడమే కదా. అసెంబ్లీ ఫైలైతే ఒక టెట్రామర్‌ని విడదీసి ఇస్తుంది, మీరు వెతికేది అక్కడే తెగిపోతుంది. మామూలు ఫైలు తీసుకోండి. దాని చుట్టూ స్ఫటికంలో 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న పొరుగు కాపీలన్నీ పైమోల్ ప్రోగ్రాంలో సిమెట్రీ మేట్స్ పుట్టించే ఆదేశంతో తెచ్చుకోండి. కాపీలకు కూడా ఎ, బి పేర్లే వస్తాయి కాబట్టి, భద్రపరిచే ముందు విడి పేర్లు పెట్టండి. లేకపోతే 141, 146 నంబర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి బయోపైథాన్ కేకలేస్తుంది.

తరవాత బీటా 6 వాలిన్ నుంచి వేరే టెట్రామర్‌లోని బీటా చెయిన్‌లకి 4.5 లోపు ఏమున్నాయో అడగండి. 85 ఫినైల్ అలనిన్, 88 ల్యూసిన్ కట్టిన గుంటలో అది దూరి ఉండాలి. మామూలు హీమోగ్లోబిన్‌లో అదే చోట గ్లుటామేట్ ఉంటుంది, విద్యుదావేశం ఉన్న ఆ కొస ఆ నూనె గుంటలో ఇమడదు. యూనిప్రాట్ (ప్రొటీన్ సీక్వెన్స్‌ల డేటాబేస్) చూస్తే నంబరు తికమక అవుతుంది. అక్కడ మొదటి మిథియోనిన్‌ని కూడా లెక్కేస్తారు కాబట్టి ఈ 6 అక్కడ 7. జన్యుపరీక్ష రిపోర్టుల్లోనూ 7 అనే కనబడొచ్చు. రెండూ ఒకటే.

బీటా చెయిన్‌లు నాలుగున్నాయి (బి, డి, ఎఫ్, హెచ్). నాలుగింట్లోనూ 6 వాలిన్‌కి గుంట దొరుకుతుందని ఎదురు చూసి, సగమే వచ్చాయని మళ్ళీ స్క్రిప్ట్ తెరవకండి. ఒక్కో టెట్రామర్‌లో ఉన్న రెండు వాలిన్‌లలో పక్క టెట్రామర్ గుంటలోకి దూరేది ఒక్కటే, రెండోది అందులో పాల్గొనదు.